మీ ప్రశ్న – మా జవాబు: కాలేజీకే కోచ్ కావాలంటే

అమెరికా కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల డిగ్రీలు, సర్టిఫికెట్లు ఇచ్చే కాలేజీలు) గురించి పోయిన సంచికలో వేసిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. సగానికి పైగా ఉత్తరాల్లో ఉన్నది ఒకటే సంగతి: కాలేజీల్లో సంస్కరణలకు తోడుగా బయటి నుంచి వచ్చే కోచ్‌లు. వాళ్లెవరు, వాళ్లను ఎలా ఎంచుకోవాలి, వాళ్లకు ఏం నేర్పాలి అని అడిగారు. అందుకే ఈ నెల శీర్షికంతా దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. రెండేళ్లయ్యాక యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలని అనుకుంటోంది. "వచ్చే నెల మా కోచ్ క్యాంపస్‌కు వస్తున్నారు" అని కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. అమ్మాయిని అడిగితే ఆ కోచ్ ఎవరో తనకు తెలియదంది. పిల్లలు ఆయన్ని కలవాలా?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: అక్కర్లేదండీ. ఒకే పేరుతో రెండు వేరు వేరు పనులు ఉండటంతో ఈ తికమక వచ్చింది. విద్యార్థి పక్కన కూర్చుని ఏ కోర్సు తీసుకోవాలో, ఫీజు సాయానికి ఎలా దరఖాస్తు చేయాలో చెప్పేవారిని సక్సెస్ కోచ్ అంటారు. మీకొచ్చిన మెయిల్‌లో చెప్పిన కోచ్ విద్యార్థులకు కాదు, కాలేజీకి. ఆయన ప్రెసిడెంట్ (కాలేజీ అధిపతి), డీన్లు, గణితం విభాగం, అడ్వైజర్లు, రిజిస్ట్రార్ ఆఫీసు, అందరితో కూర్చుని కాలేజీ నడిచే తీరును మార్చడానికి సాయపడతారు. 2004లో లూమినా ఫౌండేషన్ చొరవతో మొదలైన 'అచీవింగ్ ద డ్రీమ్' అనే కమ్యూనిటీ కాలేజీల సంస్కరణ కార్యక్రమం ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. కాలేజీకి ఇద్దరిని పంపేవారు: ఒకరు లీడర్‌షిప్ కోచ్, ఇంకొకరు డేటా కోచ్.

అసలు కోచ్ అవసరం ఎందుకొచ్చిందంటే, కమ్యూనిటీ కాలేజీ తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. చేరడం తేలిక, చదువు ముగించి బయటపడటమే కష్టం. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలోని పరిశోధన కేంద్రం సీసీఆర్‌సీ వాళ్లు 2015లో తెచ్చిన పుస్తకంలో దీన్ని కెఫెటీరియాతో పోల్చారు. వందల కోర్సులు పరిచి పెట్టి, కావలసింది వడ్డించుకోమంటే పిల్లలు డిగ్రీకి పనికిరాని క్రెడిట్లతో ప్లేటు నింపుకుంటున్నారు. దానికి మారుగా వచ్చిందే 'గైడెడ్ పాత్‌వేస్'. ఇందులో పనులు నాలుగు: దారి స్పష్టంగా గీయడం, విద్యార్థిని తొందరగా ఆ దారికి ఎక్కించడం, దారి తప్పకుండా చూడటం, నిజంగా నేర్చుకుంటున్నారో లేదో సరిచూడటం. టెక్సాస్‌లో ఈ పని కాలేజీల సంఘం కింద ఉన్న టెక్సాస్ సక్సెస్ సెంటర్ ద్వారా జరుగుతోంది. పైగా 2023లో వచ్చిన హౌస్ బిల్ 8 అనే రాష్ట్ర చట్టం తర్వాత అక్కడి 50 కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టులకు రాష్ట్రం ఇచ్చే డబ్బు చాలావరకు ఫలితాలను బట్టే వస్తోంది: ఎంతమంది సర్టిఫికెట్, డిగ్రీ పూర్తి చేశారు, ఎంతమంది ట్రాన్స్‌ఫర్ అయ్యారు అన్నదాన్ని బట్టి.

మీ అమ్మాయి చేయాల్సింది ఒక్కటి ఉంది. అడ్వైజర్ దగ్గరికి వెళ్లి, తను చేరాలనుకునే యూనివర్సిటీ, అక్కడ చదవాలనుకునే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పేరు చెప్పి, దానికి సరిపోయే ప్రోగ్రామ్ మ్యాప్ ఇవ్వమనాలి. సెమిస్టర్ వారీగా కోర్సులు రాసి ఉన్న కాగితం అది.

ప్రశ్న: మా రాష్ట్రంలో కాలేజీలకు పది మంది కోచ్‌లను ఎంపిక చేసే పని నాకు అప్పజెప్పారు. రిటైరైన ప్రెసిడెంట్లు వరసగా దరఖాస్తులు పంపుతున్నారు, అందరివీ పెద్ద పేర్లే. వాళ్లతోనే పది స్థానాలూ నింపేయొచ్చా?
– ఒక ప్రోగ్రామ్ డైరెక్టర్, ఒహాయో

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. మాజీ ప్రెసిడెంట్ విలువ ఎంతో ఉంటుంది. కొత్త ప్రెసిడెంట్ తలుపు వేసుకుని మనసు విప్పి మాట్లాడేది అలాంటివాళ్లతోనే. కానీ పది మందీ వాళ్లే అయితే మార్పు ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరికీ కనపడదు. ఉదాహరణకు, కొత్త ప్రోగ్రామ్ మ్యాప్ కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. అదే మ్యాప్ కేటలాగ్‌లోనూ (కోర్సుల వివరాల పుస్తకం), డిగ్రీకి ఇంకా ఏ కోర్సులు మిగిలాయో చూపే డిగ్రీ ఆడిట్ సాఫ్ట్‌వేర్‌లోనూ, క్లాసుల టైమ్‌టేబుల్‌లోనూ ఒకేలా ఎక్కకపోతే విద్యార్థికి మళ్లీ పాత గందరగోళమే. కేటలాగ్ గడువు దాటిందంటే ఏడాది పోయినట్టే. ఈ లోతు రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసిన మనిషికి తెలిసినంతగా ప్రెసిడెంట్‌కు తెలియదు.

పది మందిలో మా లెక్క ఇది: మాజీ ప్రెసిడెంట్లు, వైస్ ప్రెసిడెంట్లు కలిపి ముగ్గురు, ఇన్‌స్టిట్యూషనల్ రిసెర్చ్ (కాలేజీ గణాంకాలు చూసే విభాగం) నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు, తమ విభాగంలో గణితం లేదా ఇంగ్లిష్ బోధనను స్వయంగా మార్చిన అధ్యాపకులు ఇద్దరు, అడ్వైజింగ్, రిజిస్ట్రేషన్, ఫైనాన్షియల్ ఎయిడ్ వైపు నుంచి ఇద్దరు. ఇంకో ఇద్దరిని రిజర్వులో పెట్టుకోండి, ఏడాదిలో ఒకరో ఇద్దరో తప్పుకోవడం మామూలే.

ఎంపిక విషయానికొస్తే, బయోడేటా చూసి సగం కూడా తెలియదు. మొదట ఒక పేజీ రాయమనండి: "మీ కాలేజీలో మీరు తలపెట్టి, కుదరని మార్పు ఒకటి చెప్పండి. ఎందుకు కుదరలేదు?" యూనియన్ అడ్డుపడింది, ఫ్యాకల్టీ సహకరించలేదు అని పేజీ అంతా ఇతరుల మీదే తోసేసినవాళ్లను అక్కడే ఆపేయండి. తన అంచనాలో పొరపాటు ఎక్కడ జరిగిందో రాయగలిగినవాళ్లే రెండో మెట్టుకు రావాలి.

రెండో మెట్టు ఇంటర్వ్యూ. ఇక్కడ ప్రశ్నలడగడం కంటే ఓ సన్నివేశం ఆడించడం మేలు. నిజంగా గణితం చెప్పే అధ్యాపకుణ్ణి ఒకరిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టండి. ఆయన ఇలా మొదలుపెడతారు: "మా పిల్లలకు భిన్నాలే రావండీ. వాళ్లను తీసుకెళ్లి నేరుగా కాలేజీ మ్యాథ్స్‌లో కూర్చోబెడితే మునిగిపోతారు."

ఒక అభ్యర్థి వెంటనే "మా కాలేజీలో మేం ఇలా చేశాం, ఫెయిలయ్యేవాళ్లు తగ్గారు" అని అందుకుంటాడు. ఇంకొకరు పరిశోధనలు వల్లిస్తారు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు, కానీ ఎదుటి మనిషి అప్పటికే చేతులు కట్టుకుని వెనక్కి వాలిపోయాడు. మీకు కావలసిన మనిషి ఇలా అడుగుతారు: "భిన్నాల దగ్గర మొదలుపెట్టిన వాళ్లలో ఎంతమంది చివరికి కాలేజీ మ్యాథ్స్ దాకా చేరుకుంటున్నారు సార్?" అడిగాక మాట్లాడకుండా ఆగుతారు. అయిదు సెకన్లు, పది సెకన్లు. ఆ మౌనాన్ని భరించలేక తనే జవాబు ఇచ్చేసే మనిషి కోచ్‌గా పనికిరావడం కష్టం. మేము ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది ఈ పది సెకన్లకే.

మూడోది రెఫరెన్సులు. పైఅధికారులను అడిగితే పొగడ్తలే వస్తాయి. అభ్యర్థి కింద పనిచేసిన ఒక విభాగాధిపతిని, ఒక ఆఫీసు ఉద్యోగిని అడగండి: "ఈయన మీటింగ్‌లో ఎంతసేపు మాట్లాడతారు, ఎంతసేపు వింటారు?" కాలేజీలకు సాఫ్ట్‌వేరో, ట్రైనింగో అమ్మే కంపెనీతో సంబంధమున్నవాళ్లను మాత్రం ఎంత సమర్థులైనా తీసుకోవద్దు. అలాంటి కోచ్ నోట వచ్చే ప్రతి సలహా వెనకా బేరం కనపడుతుంది.

ప్రశ్న: ఎంపికైన కోచ్‌లకు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి పంపేద్దామని మా కమిటీ అంటోంది. అది చాలుతుందా? ఏం నేర్పాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: వర్క్‌షాప్‌కు రెండు రోజులు చాలు. శిక్షణకు చాలవు. వర్క్‌షాప్‌కు ముందూ తర్వాతా జరిగేదే అసలు శిక్షణ.

మూడు వారాల ముందు ప్రతి కోచ్‌కూ ఒక ఇంటిపని ఇవ్వండి. వారానికి 30 గంటలు ఉద్యోగం చేస్తూ నర్సింగ్ చదవాలనుకునే ఒక తల్లిని ఊహించుకోమనండి. ఫోన్‌లోనే, కంప్యూటర్ లేకుండా, తనకు కేటాయించిన కాలేజీ వెబ్‌సైట్ తెరిచి ఆమె మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సులు తీసుకోవాలో, సాయంత్రం క్లాసులు ఉన్నాయో లేదో, నర్సింగ్‌లో సీటు రాకపోతే ఆ క్రెడిట్లు ఇంకెందుకు పనికొస్తాయో కనుక్కోమనండి. ఎన్ని పేజీలు తిరిగారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడ విసుగొచ్చి ఆపేద్దామనిపించింది, అన్నీ రాసుకు రావాలి. నలభై ఏళ్లు కాలేజీల్లో పనిచేసినవాళ్లకు కూడా ఈ పని కళ్లు తెరిపిస్తుంది.

మొదటి రోజు పొద్దున సంస్కరణల సారం. ఆధారాలు గట్టిగా ఉన్నవి మాత్రమే చెప్పండి. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో మొదలుపెట్టిన 'ఏశాప్' (ASAP, రెండేళ్ల డిగ్రీ త్వరగా పూర్తి చేయడానికి తోడ్పడే కార్యక్రమం) తప్పనిసరి. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి పరిశీలిస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఏశాప్‌లో 40 శాతం, మామూలు పద్ధతిలో 22 శాతం. అయితే ఆ అంకె కంటే అది ఎలా వచ్చిందో కోచ్‌కు తెలియాలి. ఏశాప్ అడ్వైజర్ ఒక్కొక్కరి దగ్గర 60 నుంచి 80 మంది విద్యార్థులుంటే, మామూలు అడ్వైజర్ దగ్గర 600 నుంచి 1,500 మంది ఉండేవారు. దానితో పాటు పూర్తికాల చదువు, మిగిలిపోయిన ఫీజు మాఫీ, పుస్తకాలు, మెట్రోకార్డు, ఇవన్నీ కలిపి మూడేళ్లు ఇచ్చారు. ఒహాయోలో మూడు కాలేజీలు ఇదే నమూనా పట్టుకుని మంచి ఫలితాలు తెచ్చుకున్నాయి. ఇందులోంచి ఒక్క ముక్క తెంపుకుని, రిమైండర్ మెసేజ్‌లు పంపిస్తే చాలనుకునే కాలేజీని ఆపగలగాలి కోచ్. కాలిఫోర్నియా 2017లో చేసిన ఏబీ 705 చట్టం గురించి కూడా చెప్పండి. ఒక ప్రవేశ పరీక్ష మార్కులు చూసి పిల్లల్ని ఏళ్ల తరబడి రెమెడియల్ క్లాసుల్లో (పాత పాఠాలు మళ్లీ చెప్పే, డిగ్రీకి లెక్కకు రాని క్లాసులు) ఉంచడం కాకుండా, హైస్కూలు గ్రేడ్లను లెక్కలోకి తీసుకుని, ఒక ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ స్థాయి గణితం, ఇంగ్లిష్ పూర్తి చేసే అవకాశాన్ని వీలైనంత పెంచాలని ఆ చట్టం కాలేజీలను ఆదేశించింది.

మధ్యాహ్నం డేటా. ఒక్క పట్టిక చాలు, దాన్నే మూడు గంటలు నమలాలి. ఊహకు ఇలా అనుకోండి: కొత్తగా చేరినవాళ్లు 1,000 మంది. మొదటి సెమిస్టర్‌లో కనీసం 6 క్రెడిట్లు సాధించినవాళ్లు 610. రెండో సెమిస్టర్‌కు తిరిగొచ్చినవాళ్లు 700. మొదటి ఏడాదిలో కాలేజీ స్థాయి ఇంగ్లిష్ పాసైనవాళ్లు 390, గణితం పాసైనవాళ్లు 180, రెండూ పాసైనవాళ్లు 130.

అందరి కన్నూ 180 మీద పడుతుంది. గణితం సరిగా చెప్పడం లేదని గదంతా ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. అక్కడ ఆపి ఒక్క ప్రశ్న వేయించండి: అసలు ఆ ఏడాది కాలేజీ గణితంలో చేరినవాళ్లు ఎంతమంది? 240 మంది చేరి 180 మంది పాసైతే నూటికి 75 మంది గట్టెక్కినట్టు. క్లాసులో జబ్బు లేదు, పిల్లల్ని గడప దగ్గరే ఆపేస్తున్నారు. మందు ప్లేస్‌మెంట్‌లో, అంటే ఎవరిని ఏ స్థాయి క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చే పద్ధతిలో ఉంది. అదే 500 మంది చేరి 180 మందే పాసైతే నూటికి 36. అప్పుడు క్లాసులోకి వెళ్లి చూడాలి: కాలేజీ గణితంతో పాటే సాయంగా నడిచే తోడు క్లాసులు ఉన్నాయా, సోషియాలజీ చదివే పిల్లకు కూడా ఆల్జీబ్రానే పెడుతున్నారా, స్టాటిస్టిక్స్ దారి ఉందా అని. రెండు చోట్లా అంకె 180నే, జబ్బులు మాత్రం వేరు. ఈ తేడా పట్టుకోవడం అలవాటయ్యాక అదే పట్టికను పార్ట్‌టైమ్, ఫుల్‌టైమ్ వారీగా, పెల్ గ్రాంట్ (పేద విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వ సాయం) అందుకునేవాళ్ల వారీగా, పగలు చదివేవాళ్లు, రాత్రి చదివేవాళ్లుగా విడగొట్టించండి. ఏదైనా గడిలో పది మంది కంటే తక్కువ ఉంటే ఆ అంకెను మీటింగ్‌లో చూపకూడదని కూడా అక్కడే చెప్పండి, ఎవరి గురించో ఇట్టే తెలిసిపోతుంది.

రెండో రోజంతా సాధనే, ఉపన్యాసాలు వద్దు. ముగ్గురేసి కూర్చోవాలి: ఒకరు కోచ్, ఒకరు కాలేజీ మనిషి, మూడోవారు కాగితం మీద గీతలు గీస్తారు, కోచ్ ప్రశ్న అడిగినప్పుడు ఒక గీత, సలహా ఇచ్చినప్పుడు ఒక గీత. మొదటి రౌండ్‌లో సలహాల వైపు గీతలు బారులు తీరతాయి. నాలుగో రౌండ్‌కు తగ్గుతాయి.

తర్వాత కొత్త కోచ్ ఒక అనుభవజ్ఞుడి వెంట ఒక కాలేజీ పర్యటనకు వెళ్లి నోరు మెదపకుండా చూడాలి. రెండోది తను నడిపితే అనుభవజ్ఞుడు చూడాలి. ఆ తర్వాతే ఒంటరిగా. నెలకోసారి గంటన్నర పాటు కోచ్‌లందరూ ఫోన్‌లో కలుసుకుని, ఎవరి చిక్కుముడి వాళ్లు ముందుపెట్టాలి. ఖర్చు తగ్గించాలని చాలాచోట్ల మొదట కోసేసేది ఈ నెలవారీ కాల్‌నే. అది పోయిన ఆరు నెలలకు ఎవరి పాత అలవాట్లు వాళ్లకు తిరిగొస్తాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి, మిషిగన్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ రిసెర్చ్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. డేటా కోచ్ కావాలని ఉంది. కానీ పెద్ద మీటింగుల్లో మాట్లాడాలంటే జంకు, నా యాస మీద కూడా అనుమానమే. పనికొస్తానా?
– ఒక సోదరి, మిషిగన్

జవాబు: తప్పకుండా పనికొస్తారమ్మా. యాస గురించి బెంగ వద్దు, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెబితే చాలు. డేటా కోచ్ బలం గొంతులో ఉండదు, అంకె వెనక ఎవరున్నారో, ఎవరు లేరో తెలియడంలో ఉంటుంది. మీకు ఇదివరకే తెలిసిన ఉదాహరణే చూడండి: ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించే సంప్రదాయ గ్రాడ్యుయేషన్ రేటు మొదటిసారి, ఫుల్‌టైమ్ చేరినవాళ్లనే లెక్కిస్తుంది. పార్ట్‌టైమ్ విద్యార్థులు ఎక్కువగా ఉండే కమ్యూనిటీ కాలేజీలో ఆ అంకెలో కనపడనివాళ్లు ఎంతమందో! డిగ్రీ తీసుకోకుండానే యూనివర్సిటీకి వెళ్లిపోయినవాళ్ల సంగతి ఎవరు ఏ కాలేజీలో చేరారో దేశమంతటి వివరాలు ఉంచే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ రికార్డులతో కలిపి చూస్తే గానీ తేలదు. ఈ రెండు ముక్కలు ఒక చరిత్ర లెక్చరర్‌కు అర్థమయ్యేలా మూడు నిమిషాల్లో చెప్పడం సాధన చేయండి.

మీలాంటివాళ్లు పడే గొయ్యి వేరే ఉంది. కాలేజీ రిసెర్చ్ ఆఫీసులో మనుషులు తక్కువైతే "మీరే ఆ రిపోర్టు చేసిపెట్టండి" అంటారు. మీకు పని వచ్చు, మనసూ ఒప్పుకుంటుంది. చేశారంటే మీరు వెళ్లిన రోజే ఆ లెక్కలూ మీతో వెళ్లిపోతాయి. వాళ్ల అనలిస్ట్ పక్కన కూర్చుని ఆమె చేతే చేయించండి. మీటింగ్‌కు డ్యాష్‌బోర్డులు మోసుకెళ్లకండి: ఒక పేజీ, ఒక గ్రాఫ్, కింద ఒక ప్రశ్న. ముందుగా మీ కాలేజీలోనే ఏదో ఒక విభాగం మీటింగ్‌లో ఇరవై నిమిషాలు అడిగి తీసుకుని అలా నడిపి చూడండి.

ప్రశ్న: మా కాలేజీకి రెండేళ్లుగా కోచ్ వస్తున్నారు. మంచి మనిషి. వస్తారు, ప్రెసిడెంట్‌తో భోంచేస్తారు, పన్నెండు పేజీల రిపోర్టు పంపుతారు. ఏమీ మారలేదు. లోపం ఎక్కడ?
– ఒక విభాగాధిపతి, కాలిఫోర్నియా

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది: భోజనం ప్రెసిడెంట్‌తో, రిపోర్టు పన్నెండు పేజీలు.

పర్యటన అంటే రెండు రోజులు, ఏడాదికి కనీసం రెండుసార్లు. మధ్యలో నెలనెలా ఒక కాల్. పర్యటనకు మూడు వారాల ముందే ఎజెండా, డేటా కోచ్ చేతిలో ఉండాలి. ఆ రెండు రోజుల్లో ప్రెసిడెంట్‌తో ఒక గంట చాలు. ఎక్కువ సేపు ఎనిమిది పది మంది ఉండే కోర్ టీమ్‌తో గడపాలి, అందులో ఫ్యాకల్టీ, అడ్వైజింగ్, రిజిస్ట్రార్, ఐటీ, రిసెర్చ్ అందరూ ఉండాలి. మరో గంట విద్యార్థులతో, వాళ్లను డీన్లు ఏరి పంపకూడదు, కెఫెటీరియాలో కనపడినవాళ్లను అడగాలి. వెళ్లిన పది రోజుల్లో ఉత్తరం రావాలి. రెండు పేజీలు దాటకూడదు: ఒప్పుకున్న మూడు పనులు, ఒక్కోదానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ. తర్వాతి కాల్ ఆ తేదీలతోనే మొదలవ్వాలి.

ఇంకో చోట కూడా చూడండి. సీసీఆర్‌సీ రూపొందించిన స్వీయ అంచనా పత్రంలో ప్రతి మార్పుకూ అయిదు మెట్లున్నాయి, 'జరగడం లేదు' నుంచి 'పూర్తిస్థాయిలో' వరకు. పూర్తిస్థాయి అంటే డిగ్రీ కోసం చేరిన విద్యార్థులందరికీ అందడం. చాలా కాలేజీలు ఒక్క డిపార్ట్‌మెంట్‌లో జరిగినదానికే పై మెట్టు గడిలో టిక్ పెట్టేస్తాయి. మీ పత్రం తీసి, టిక్ పెట్టిన ప్రతిచోటా "ఎంతమంది విద్యార్థుల్లో ఎంతమందికి?" అని రాయండి. మీ కోచ్ ఆ ప్రశ్న ఇంతవరకూ అడగకపోతే వచ్చేసారి మీరే అడగండి.

మీ విభాగంలో పాఠాలు ఎక్కువగా పార్ట్‌టైమ్ అధ్యాపకులే చెబుతుంటే, వాళ్లకు మీటింగ్ గంటలకు డబ్బు చెల్లిస్తున్నారా? క్లాసుకు మాత్రమే జీతం తీసుకుని, అక్కడి నుంచి ఇంకో కాలేజీకి కారులో పరుగెత్తే మనిషిని సంస్కరణల మీటింగ్‌కు రాలేదని తప్పుపట్టడం అన్యాయం. ఈ ఒక్క పద్దు బడ్జెట్‌లో పెట్టించమని మీ కోచ్ చేత ప్రెసిడెంట్‌కు చెప్పించండి. ఆ భోజనానికి సార్థకత ఉంటుంది.

ప్రశ్న: ఒక కోచ్‌కు ఎన్ని కాలేజీలు ఇవ్వచ్చు? డబ్బు ఎలా లెక్కకట్టాలి?
– ఒక పాఠకుడు, వర్జీనియా

జవాబు: మొదటి ఏడాది రెండు, తర్వాత మూడు. రోజుకింత అని చెల్లించండి, కానీ క్యాంపస్‌లో ఒక రోజుకు ఇంటి దగ్గర ఇంకో రోజు పని ఉంటుంది: డేటా చదవడం, ఉత్తరం రాయడం, ఫోన్లు. ఆ రోజుకూ కట్టివ్వండి, లేదంటే డేటా చదవకుండా వచ్చే కోచ్‌లు తయారవుతారు. కోచింగ్ చేస్తున్న కాలేజీలో ఆ కాలమంతా, ఆ తర్వాత ఇంకో ఏడాదీ వేరే కాంట్రాక్టు తీసుకోకూడదని ఒప్పందంలో రాయండి. ప్రెసిడెంట్ చెప్పింది ఫ్యాకల్టీకి, ఫ్యాకల్టీ చెప్పింది ప్రెసిడెంట్‌కు చేరవేయకూడదని కూడా.

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. సిలబస్ యూనివర్సిటీది, పోస్టింగులు ప్రభుత్వానివి. మీరు చెప్పేవాటిలో మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దారి గీసే అధికారం మీ చేతుల్లో పెద్దగా లేదు, నిజమే. అమెరికా కాలేజీలకున్నట్టు కోర్సులు మార్చుకునే స్వేచ్ఛ అనుబంధ కాలేజీకి ఉండదు. 2023–24లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చినప్పుడు, మేజర్ తప్పుగా ఎంచుకున్న పిల్లకు తిరగడానికి చోటు ఇంకా తగ్గింది. కానీ దారి తప్పకుండా చూసే పని పూర్తిగా మీదే. న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) కోసం మెంటార్ రిజిస్టర్లు మీ దగ్గర ఉండే ఉంటాయి. వాటిని సంతకాల పుస్తకాలుగా వదిలేయకండి.

పక్క ఊరి కాలేజీలో ఒక మిత్రుడిని చూసుకోండి, మీరు వాళ్లకు కోచ్, ఆయన మీకు. బయటి మనిషి అడిగితే ఇబ్బందిగా అనిపించని ప్రశ్న, సొంత స్టాఫ్‌రూమ్‌లో మనం అడిగితే గొడవవుతుంది. ఇద్దరూ మొదటి సెమిస్టర్ ఫలితాల షీటు పట్టుకు రండి. చేరినవాళ్లు, పరీక్ష ఫీజు కట్టినవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు, అన్నీ పాసైనవాళ్లు: నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి రాయండి. పాస్ శాతం గురించి మాట్లాడేముందు మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య ఎంతమంది జారిపోయారో చూడండి. వాళ్ల హాజరు ఏ వారం నుంచి తగ్గిందో రిజిస్టర్‌లో వెతకండి, వచ్చే ఏడాది ఆ వారానికి రెండు వారాల ముందే మెంటార్లు ఫోన్ చేయాలి.